చాంపియన్ జట్టు ఎలా మాయమైపోతుంది? ఆస్ట్రేలియా సాకర్ లీగుల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

టార్నీట్_నాన్న
మావాడికి పదేళ్లు. మాది మెల్‌బోర్న్ శివారు టార్నీట్. స్టేడియం మా ఇంటికి దగ్గరే, కార్లో ఏడెనిమిది నిమిషాలు. ఎ-లీగ్ (ఇక్కడి పై స్థాయి సాకర్ లీగు) జట్టు వెస్టర్న్ యునైటెడ్ ఇక్కడ ఆడటం మొదలుపెట్టాక ఆకుపచ్చ-నలుపు స్కార్ఫ్ కొనిపించుకున్నాడు. నడి ఎండాకాలంలో కూడా మెడలోంచి తీసేవాడు కాదు. ఇప్పుడు 2025-26 సీజన్లో ఆ జట్టే లేదు. నిన్న రాత్రి పడుకోబోతూ అడిగాడు: "నాన్నా, వాళ్లు 2022లో చాంపియన్లు కదా. చాంపియన్లు ఎలా లేకుండా పోతారు?"

నా దగ్గర జవాబు లేదు. వెతికితే అప్పులు, లైసెన్సు, అప్పీలు అని ఏవేవో వచ్చాయి. అయినా నా ప్రశ్న ఆ ఒక్క జట్టు గురించి కాదు. శనివారం పొద్దున ఏ పార్కు చూసినా పిల్లలంతా సాకరే. అంతమంది ఆడే ఆటకి ఈ దేశంలో ఒక లీగు కుదురుగా ఎందుకు నిలబడట్లేదు? ఎప్పట్నుంచో ఇక్కడున్నవాళ్లు కాస్త చెప్పండి. వాడికి నేను చెప్పుకోవాలి.

వైజాగ్_వెంకట్
క్రికెట్‌కి మార్చేయండి బాబూ, గొడవ వదిలిపోతుంది.

టార్నీట్_నాన్న
@వైజాగ్_వెంకట్ ఆ ప్రయత్నం అయిపోయిందండీ. బ్యాట్ ముట్టుకోడు.

సన్‌షైన్_సత్యం
నేను 1992లో వచ్చాను. సన్‌షైన్‌లో అద్దె గది, దగ్గర్లోనే ఫ్యాక్టరీ ఉద్యోగం. నా పక్క మెషీను మీద క్రొయేషియా నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవాడు. ఒక ఆదివారం "ఒక్కడివే గదిలో కూర్చుని ఏం చేస్తావు" అంటూ సన్‌షైన్ నార్త్‌లో వాళ్ల గ్రౌండుకి లాక్కెళ్లాడు. ఇప్పుడు మెల్‌బోర్న్ నైట్స్ అంటున్నాం, అప్పట్లో మెల్‌బోర్న్ క్రొయేషియా. గేటు దాటగానే బొగ్గుల మీద చెవాపీ (వాళ్ల కబాబులు) కాలుతున్న పొగ. టికెట్ల దగ్గర కూడా ఇంగ్లీషు వినబడలేదు. ముసలమ్మలు, చంటిపిల్లలు, అందరూ వచ్చేశారు. నాకు మా ఊరి తిరనాళ్లు గుర్తొచ్చింది.

తర్వాత్తర్వాత అక్కడ ఆడి, ఆస్ట్రేలియా కెప్టెన్ దాకా ఎదిగిన కుర్రాడే మార్క్ విదుకా. అతన్ని జాగ్రెబ్ క్లబ్బుకి ఇచ్చినప్పుడు వచ్చిన డబ్బుతో కట్టిన స్టాండు ఇప్పటికీ అక్కడే ఉంది, అతని పేరుతోనే. ఆ క్లబ్బు 1995లో, 1996లో వరసగా దేశ చాంపియన్. ఇవాళ రాష్ట్ర స్థాయి లీగుల్లో ఆడుకుంటోంది. కాబట్టి నాన్నగారూ, చాంపియన్ కింద పడటం ఇక్కడ కొత్తేం కాదు. మీవాడికి అది మొదట చెప్పండి. కాకపోతే నైట్స్ మాయమవలేదు. గ్రౌండు వాళ్లది, జనం వాళ్లవాళ్లు. తేడా అక్కడుంది.

టార్నీట్_నాన్న
@సన్‌షైన్_సత్యం గారూ, మరి అప్పటి లీగు ఏమైంది? పేరు కూడా ఎవరూ ఎత్తరేం?

సన్‌షైన్_సత్యం
ఎన్ఎస్ఎల్. నేషనల్ సాకర్ లీగ్. 1977 ఏప్రిల్ 2న మొదలైంది. కాన్‌బెరా మనూకా ఓవల్‌లో కాన్‌బెరా సిటీకి, వెస్ట్ అడిలైడ్‌కి మ్యాచ్. ఆ మొదటి ఏడు 14 జట్లు. ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆటల్లో ఏ ఒక్కదానికీ అప్పటికి ఈ దేశంలో దేశమంతా ఆడే లీగు లేదు. ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) వాళ్లు, రగ్బీ లీగ్ వాళ్లు అందరూ తర్వాతే. ఇది చాలామందికి తెలీదు.

జట్లలో చాలావరకు వలసొచ్చినవాళ్లు కట్టుకున్నవే. సౌత్ మెల్‌బోర్న్ గ్రీకులది, మార్కోనీ ఇటాలియన్లది, సెయింట్ జార్జ్ హంగరీ వాళ్లది, ఫుట్‌స్క్రే జస్ట్ యుగోస్లావులది, హకోవా యూదులది, ప్రెస్టన్ మాసిడోనియన్లది. యుద్ధం తర్వాత ఓడ దిగినవాడికి గుడి తర్వాత గుడి లాంటిది క్లబ్బే. ఉద్యోగం, అద్దె ఇల్లు, పెళ్లి సంబంధం, అన్నీ అక్కడే కుదిరేవి.

లాలాగూడ_లెఫ్ట్‌వింగ్
సత్యం అన్నా, దానికంటే ముందటి ముచ్చట ఒకటి నేను చెప్తా. 1956 డిసెంబర్ 1, మెల్‌బోర్న్ ఒలింపిక్స్, క్వార్టర్ ఫైనల్. ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీద మనోళ్లు 4-2తో కొట్టిన్రు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. కోచ్ ఎవరు? మన హైదరాబాద్ రహీం సాబ్. జట్టుల అమ్ముగూడ తులసీదాస్ బలరాం కూడ ఉండె. మా తాత చెప్పంగ వినీ వినీ ఆ మ్యాచ్ నేనే చూసినట్టు అనిపిస్తది.

అప్పుడు ఆస్ట్రేలియా మనకన్న వెనక. ఇయ్యాల వాళ్లు ఏడ, మనం ఏడ! నడుమల ఏం జరిగింది అంటే సత్యం అన్న చెప్పిన వలసోళ్లే. వాళ్లొచ్చి ఆటను లేపిన్రు.

సిడ్నీ_సువర్ణ
@లాలాగూడ నిజమే. ఆ ఊపు ఎంతదాకా వెళ్లిందంటే, ఆస్ట్రియా నుంచి మంచి మంచి ఆటగాళ్లని ట్రాన్స్‌ఫర్ డబ్బులు కట్టకుండానే ఇక్కడి క్లబ్బులు తెచ్చేసుకున్నాయి. ఫిఫా ఊరుకుంటుందా? 1960 నుంచి 1963 దాకా ఆస్ట్రేలియాని బయట పెట్టింది. క్లబ్బులు డబ్బు కట్టాకే తిరిగి రానిచ్చారు.

సత్యం గారు పాత లీగుని దేవుడి గుడిలా చెబుతున్నారు గానీ, నాకు రెండో వైపు కూడా తెలుసు. మా వారి స్నేహితుడు ఆంగ్లో కుటుంబంలో పుట్టినవాడు, సాకర్ అంటే ప్రాణం. ఏ క్లబ్బుకి వెళ్లినా పరాయివాడిలాగే కూర్చునేవాణ్ణని ఇప్పటికీ అంటాడు. అక్కడి దేశాల గొడవలు ఇక్కడి గ్యాలరీల్లో తేల్చుకునేవారు. బయటివాళ్లకి ఆ లీగు తమది అనిపించలేదు. జనం రాకపోతే టీవీ రాదు, టీవీ లేకపోతే స్పాన్సర్ రాడు.

సన్‌షైన్_సత్యం
@సువర్ణ గొడవలు జరిగాయి, కాదనను. అయితే ఒక్కటి అడుగుతా. పేర్లు మార్చుకోండి, జెండాలు తీసేయండి, లోగోలు మార్చండి అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కుందా? 1996లో ఆటని నడిపే సంస్థ సాకర్ ఆస్ట్రేలియా అధ్యక్షుడు డేవిడ్ హిల్ హయాంలో మళ్లీ అదే పాట. ఇలా చెప్పగా చెప్పగా క్రొయేషియా పోయి నైట్స్ అయింది, హెల్లాస్ పేరు పక్కన పెట్టారు. మార్చుకున్నాక కొత్త జనం వచ్చారా? రాలేదు. పాతవాళ్ల మనసు మాత్రం విరిగింది.

లెక్కల_రాజు
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు, నేను మాట్లాడతాను.

పాత లీగులో సిడ్నీ సిటీ (హకోవానే) నాలుగుసార్లు చాంపియన్: 1977, 80, 81, 82. అంత జట్టు 1987లో ఒక్క రౌండు ఆడి లీగులోంచి తప్పుకుంది. ఆ క్లబ్బు వెనక ఉన్న మనిషి ఫ్రాంక్ లోవీ, వెస్ట్‌ఫీల్డ్ మాల్స్ ఆయన. పదహారేళ్ల తర్వాత 2003లో క్రాఫోర్డ్ నివేదిక వచ్చింది. సాకర్ ఆస్ట్రేలియా పాలకవర్గం దిగిపోవాలి, లీగు వేరే సంస్థగా నడవాలి అంది. ప్రభుత్వం ఎవర్ని పిలిచింది? అదే లోవీని. 2004 ఫైనల్లో పెర్త్ గ్లోరీ, పారమటా పవర్‌ని 1-0తో గోల్డెన్ గోల్ (అదనపు సమయంలో పడగానే మ్యాచ్ ముగించే గోల్) మీద ఓడించింది. ఎన్ఎస్ఎల్ అక్కడితో సమాప్తం.

మధ్యలో ఒక సీజన్ దేశంలో లీగే లేదు. 2005 ఆగస్టు 26న ఎ-లీగ్ మొదలు, ఎనిమిది జట్లు, ఒక్కో నగరానికి ఒకటి. ప్రెస్టన్, మార్కోనీ, సౌత్ మెల్‌బోర్న్ ఎవరికీ చోటు లేదు. కొత్త ఇల్లు కడుతూ పాత పునాది కూడా తవ్వి పారేశారు.

గోస్ఫర్డ్_గోపి
రాజు గారూ, ఆ కొత్త ఇల్లు కట్టబట్టే నాలాంటివాడికి ఆట దగ్గరైంది. నేను సెంట్రల్ కోస్ట్ మారినర్స్ మనిషిని. గోస్ఫర్డ్ ఎప్పుడైనా వచ్చారా? స్టేడియంకి మూడు వైపులే స్టాండ్లు. నాలుగో వైపు తాటిచెట్ల లాంటి పామ్ చెట్లు, వాటి వెనక నీళ్లు. మూల దగ్గర ఇంతెత్తు సాస్ సీసాల బొమ్మలు. గోల్ పడితే పిల్లలంతా ఆ సీసాల వైపే పరిగెత్తుతారు.

లీగులో అతి చిన్న జట్లలో మాది ఒకటి. ఏటా "మూసేస్తారట" అనే మాట వినేవాళ్లం. 2023 ఫైనల్లో మెల్‌బోర్న్ సిటీని 6-1తో కొట్టాం, జేసన్ కమింగ్స్ హ్యాట్రిక్. అతనే తర్వాత మోహన్ బగాన్‌కి వెళ్లాడు. మరుసటి ఏడు లీగ్ పట్టికలో మొదటి స్థానం, ఫైనల్, ఆసియా క్లబ్బుల ఏఎఫ్‌సీ కప్పు, మూడూ మావే. ఆ ఫైనల్ రాత్రి మా వీధిలో హారన్లు ఆగలేదు. మా పాప నా భుజాల మీద నిద్రపోయింది, కిందకి దించబుద్ధి కాలేదు.

సిడ్నీ_సువర్ణ
@గోపి అదీ నేను చెప్పేది! 2007 ఫైనల్లో మెల్‌బోర్న్ విక్టరీ 6-0, ఒక్క ఆర్చీ థాంప్సన్‌వే ఐదు గోల్స్, గ్రౌండులో 55 వేలమంది. పాత లీగులో అలాంటిది ఊహించగలమా?

సన్‌షైన్_సత్యం
@సువర్ణ అమ్మా, 1997లో బ్రిస్బేన్ లాంగ్ పార్క్‌లో స్ట్రైకర్స్, సిడ్నీ యునైటెడ్ ఫైనల్‌కి 40 వేలు దాటారు. అదీ ఎన్ఎస్ఎల్లే.

సిడ్నీ_సువర్ణ
@సత్యం అది నాకు తెలీదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

పెర్త్_ప్రసాదు
మీరంతా తూర్పున కూర్చుని మాట్లాడుతున్నారు. పెర్త్ నుంచి వెల్లింగ్టన్‌కి 5 వేల కిలోమీటర్లకు పైనే. అది ఒకే లీగులో ఒక మ్యాచ్! హైదరాబాద్ జట్టు లీగ్ మ్యాచ్ ఆడటానికి దుబాయ్ దాటి వెళ్లినట్టు. జట్టంతా విమానం, హోటలు, మళ్లీ విమానం. చిన్న క్లబ్బుని పైకి ఎక్కించండి అనడం తేలిక, ఆ టికెట్లు ఎవరు కొంటారు?

లెక్కల_రాజు
@ప్రసాదు అది అసలు ప్రశ్న. ఒప్పుకుంటా.

బెజవాడ_భార్గవి
ఆడపిల్లల లీగు గురించి ఒక్కరూ ఎత్తలేదు, చూస్తున్నా. మహిళల జాతీయ లీగు 1996లో మొదలై 2004లో ఆగిపోయింది. మగవాళ్లకి ఒక సీజన్ ఖాళీ వచ్చిందని రాజుగారు బాధపడ్డారు. ఆడవాళ్లకి 2008లో డబ్ల్యూ-లీగ్ వచ్చేదాకా నాలుగేళ్లు ఏమీ లేదు. తర్వాత ఆస్ట్రేలియా కెప్టెన్ అయిన సామ్ కెర్ ఆ 2008-09లోనే పదిహేనేళ్లకి పెర్త్ గ్లోరీకి ఆడింది. లీగు ఇంకో రెండేళ్లు ఆలస్యమై ఉంటే?

2023 ఆగస్టు 16, మహిళల ప్రపంచ కప్, ఇంగ్లండ్‌తో సెమీఫైనల్. గ్రౌండులో 75,784 మంది, అందులో నేనూ మా అమ్మాయీ ఇద్దరం. కెర్ ఆ గోల్ కొట్టినప్పుడు మా పక్కన కూర్చున్న తెలియని ముసలాయన మా అమ్మాయి చేతులు పట్టుకుని ఏడ్చాడు. రెండు నెలలకి అదే ఉత్సాహంతో లీగ్ మ్యాచ్‌కి వెళ్లాం. చిన్న గ్రౌండు, ఒక్కటే స్టాండు, ఎండ నేరుగా కళ్లలోకి. ఆట బాగుంది, అమ్మాయిలు ప్రాణం పెట్టి ఆడారు. ఆ జనాన్ని లీగులోకి తెచ్చుకునే ఏర్పాటు మాత్రం కనబడలేదు. నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి అది.

లాలాగూడ_లెఫ్ట్‌వింగ్
@భార్గవి అక్కా, ఈ ముచ్చట్ల మొత్తంల పెద్ద పాయింట్ ఇదే.

టార్నీట్_నాన్న
భార్గవి గారూ, మగపిల్లాడి తండ్రిగా నాకు తట్టనే లేదు. మంచిదైంది చెప్పారు.

ఇంకో మాట. మావాడు ఆడే పిల్లల క్లబ్బులో (పేరెందుకు లేండి) ఈ ఏడాది ఫీజు రెండు వేల డాలర్లు దాటింది. యూనిఫాం వేరే. అదేమంటే "పై స్థాయి శిక్షణ" అంటారు. పైన లీగులో డబ్బు లేదు, కింద మా దగ్గర ఇంత తీసుకుంటారు. ఎక్కడికి పోతోంది?

లెక్కల_రాజు
టీవీ డబ్బు కింద దాకా రాదు కాబట్టి. ఫుటీలో టీవీ ఒప్పందమే ఆటని మోస్తుంది. ఇక్కడ పిల్లల అమ్మానాన్నలు మోస్తున్నారు. ఎన్‌పీఎల్ (రాష్ట్ర స్థాయి లీగుల) క్లబ్బుల్లో కోచ్‌ల జీతం, గ్రౌండు అద్దె, రిఫరీ, సీనియర్ జట్టు ఖర్చు, అన్నిట్లో ఎంతోకొంత మీ రెండు వేలలోంచే పోతుంది.

పైన జరిగింది కూడా వినండి. 2020 ఆఖర్న ఎ-లీగ్ ఫెడరేషన్ నుంచి విడిపోయి క్లబ్బుల చేతికొచ్చింది. 2021లో సిల్వర్ లేక్ అనే అమెరికా సంస్థ 140 మిలియన్ డాలర్లు పెట్టి మూడో వంతు వాటా కొంది. 2022 డిసెంబర్‌లో ఏం చేశారు? గ్రాండ్ ఫైనల్‌ని మూడేళ్లపాటు సిడ్నీకి అమ్మేశారు! అప్పటిదాకా ఫైనల్ ఎక్కడ ఆడాలన్నది గెలిచి సంపాదించుకునే హక్కు. ఆ వారంలోనే మెల్‌బోర్న్ డెర్బీలో జనం గ్రౌండులోకి దూకారు, గోల్‌కీపర్ టామ్ గ్లోవర్ తలకి ఇనప బకెట్ తగిలి రక్తం. మ్యాచ్ ఆగిపోయింది. మరుసటి ఏడాది ఆ ఫైనల్ ఒప్పందం రద్దు చేశారు. 2024 జనవరిలో తమ డిజిటల్ సైటు మూసేసి చాలామంది ఉద్యోగులని ఇంటికి పంపారు.

సిడ్నీ_సువర్ణ
బకెట్ విసరడాన్ని మాత్రం ఎవరూ వెనకేసుకు రాకండి. ఆ రోజు మా అబ్బాయి టీవీ ముందు బిక్కచచ్చిపోయాడు.

లెక్కల_రాజు
@సువర్ణ వెనకేసుకు రాలేదండీ. జనం కోపానికి కారణం చెప్పాను. చేసిన పని తప్పే.

వైజాగ్_వెంకట్
క్రికెట్ అన్నందుకు సారీ. మొత్తం చదివాను, భోజనం చల్లారిపోయింది. నాదొక ప్రశ్న. ప్రమోషన్, రెలిగేషన్ (గెలిచిన జట్టు పై లీగుకి, ఓడినది కింది లీగుకి) ఎందుకు పెట్టరు? ఇంగ్లండ్‌లో ఉంది కదా.

సన్‌షైన్_సత్యం
@వెంకట్ అందరూ అడిగేది అదే. లైసెన్సు కొనుక్కున్న యజమాని "నేను కింద పడితే నా డబ్బు సంగతేంటి" అంటాడు. అక్కడే ఆగుతుంది.

అయినా కదలిక ఉంది. 2014లో కప్పు పోటీ పెట్టారు, ఇప్పుడు దాని పేరు ఆస్ట్రేలియా కప్. పార్కు జట్టు కూడా పైవాళ్ల మీద ఆడొచ్చు. 2022లో సిడ్నీ యునైటెడ్ 58 ఫైనల్ దాకా వెళ్లి మెకార్థర్ చేతిలో 2-0తో ఓడింది. 2019లో జాతి పేర్లు, గుర్తుల మీద ఉన్న నిషేధం ఎత్తేశారు. 2023 నవంబర్‌లో రెండో శ్రేణి పోటీకి ఎనిమిది క్లబ్బులని ఎంచారు: సౌత్ మెల్‌బోర్న్, ప్రెస్టన్, ఏవన్‌డేల్, మార్కోనీ, ఏపీఐఏ, సిడ్నీ ఒలింపిక్, సిడ్నీ యునైటెడ్, వోలోంగాంగ్. చివరికది పూర్తి లీగు కాలేదు. 2025 అక్టోబర్‌లో ఆస్ట్రేలియన్ చాంపియన్‌షిప్ పేరుతో 16 జట్ల పోటీగా వచ్చింది. గెలిచినా ఎ-లీగ్‌లోకి దారి లేదు. కానీ వచ్చింది.

సిడ్నీ_సువర్ణ
ఆ 2022 ఫైనల్ గురించి సగమే చెప్పారు సత్యం గారూ. గుంపులో కొందరు నాజీ సెల్యూట్లు చేశారు. వెల్‌కమ్ టు కంట్రీ (ఆదివాసుల స్వాగత కార్యక్రమం) జరుగుతుంటే గోల చేశారు. పాత క్లబ్బులని పైకి తేవాలంటే అది కూడా మాట్లాడుకోవాలి.

సన్‌షైన్_సత్యం
@సువర్ణ మాట్లాడుకోవాలి. సిగ్గుచేటు అది. నాకు చెవాపీ పెట్టిన పెద్దాయన బతికి ఉంటే ఆ రోజు తలదించుకునేవాడు. కాని నలుగురి పాపానికి నలభై వేల కుటుంబాల క్లబ్బులని మూసి పెట్టలేం కదా.

లాలాగూడ_లెఫ్ట్‌వింగ్
మన దగ్గర కత ఇంతే ఉంది గద! హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాక వరుసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టింది. ఆ క్లబ్బుల మీద ఎవ్వడు కొత్తది కట్టలె. 2019ల ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫ్రాంచైజ్ అని హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చె. పెర్త్ గ్లోరీల ఆడిన జోయెల్ కియానీస్ కూడ మన పసుపు జెర్సీ ఏసిండు. 2022ల ట్రోఫీ గెల్సిన్రు, నేను గచ్చిబౌలిల చిందులేసిన. 2025 వచ్చేసరికి జట్టు ఢిల్లీకి పోయింది. లైసెన్సుకు రెక్కలుంటయ్ అన్నా. టార్నీట్ అన్న కొడుకు బాధ నాకు మస్తు తెలుసు.

పెర్త్_ప్రసాదు
@లాలాగూడ కియానీస్ మా దగ్గర ఆడేటప్పుడు చూశాను. పరుగు ఆపేవాడు కాదు.

గోస్ఫర్డ్_గోపి
ఫ్రాంచైజ్ అంతా ఒకటే అనకండి మరి. వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్‌ని చూడండి. 2012లో మొదలుపెట్టేటప్పుడు ఊరి జనాన్ని కూర్చోబెట్టి పేరు, రంగులు అడిగారు. 1880లో పారమటాలో ఆడిన తొలి జట్లలో ఒకదాని పేరూ వాండరర్సే. రెండేళ్లకే ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచారు, రియాద్‌లో అల్ హిలాల్ ముందు గోల్ పడకుండా నిలబడి. లైసెన్సా, పాత క్లబ్బా అన్నది కాదు. జనాన్ని అడిగారా లేదా?

సన్‌షైన్_సత్యం
@గోపి ఈ మాటకి నేను పూర్తిగా సరే.

బెజవాడ_భార్గవి
ఒక ఆలోచన. గ్రీకులు, ఇటాలియన్లు ఓడ దిగి క్లబ్బు కట్టుకున్నారు. మనవాళ్లు టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ అంతా ఉన్నారు. ఉగాదికి హాలు పట్టదు. మనం ఎందుకు ఒక సాకర్ క్లబ్బు పెట్టలేదు?

వైజాగ్_వెంకట్
పెడితే ముందు అధ్యక్షుడెవరో తేలాలి, సీజన్ అయిపోతుంది 😀

సిడ్నీ_సువర్ణ
తెలుగు క్లబ్బు వద్దండీ. మళ్లీ అదే గోడ కడతాం. ఉన్న ఊరి క్లబ్బులోకి వెళ్లండి, కమిటీలో కూర్చోండి, శనివారం క్యాంటీన్లో నిలబడండి. మా శివారు క్లబ్బులో నేను మూడేళ్లుగా సాసేజీల స్టాండు చూస్తున్నా. మిరపకాయ బజ్జీలు పెట్టిన రోజు వరస గేటు దాకా వచ్చింది. ఫీజుల సంగతి మాట్లాడే హక్కు కూడా అప్పుడొస్తుంది.

లెక్కల_రాజు
@సువర్ణ వార్షిక సర్వసభ్య సమావేశానికి వెళ్లి ఖాతాలు చూపించమని అడగండి. చాలా క్లబ్బులు సభ్యుల సంఘాలే, చూపించాలి. నాన్నగారూ, మీరూ అడగండి.

టార్నీట్_నాన్న
అడుగుతాను. సమావేశం తేదీ కనుక్కున్నాను, ఈ నెలాఖరు.

పొద్దున మావాడికి ఇదంతా చెప్పాను. 1956 దగ్గర కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు, "ఇండియా నిజంగా గెలిచిందా?" అని మూడుసార్లు అడిగాడు. ఫ్రాంక్ లోవీ దగ్గర ఆవలించాడు. చివరికి ఒక్కటే ప్రశ్న: "ఆ విదుకా స్టాండులో మనం కూర్చోవచ్చా?" సత్యం గారూ, కూర్చోవచ్చా?

సన్‌షైన్_సత్యం
ఎవరైనా కూర్చోవచ్చు. సీజన్ మొదలవగానే మొదటి ఇంటి మ్యాచ్‌కి రండి, నేను గేటు దగ్గర ఉంటా. నెరిసిన గడ్డం, నీలం టోపీ. ఖాళీ కడుపుతో రండి. ఆ ఆకుపచ్చ స్కార్ఫ్ వేసుకునే రమ్మనండి, ఎవరూ ఏమీ అనరు.

లాలాగూడ_లెఫ్ట్‌వింగ్
సత్యం అన్నా, నేను క్లేటన్ల ఉంటా. నాకు కూడ ఒక సీటు పట్టు.

సన్‌షైన్_సత్యం
పడతా. ట్రైన్లో సన్‌షైన్ దాకా వచ్చి ఫోన్ చెయ్, కార్లో ఎక్కించుకుంటా.